మేజోళ్ళ పురాణం

హిమాయత్‌నగర్ అనగానే చాలామంది లిబర్టీ దగ్గరున్నదే అనుకుంటారు. నేను చెప్పేది అది కాదు, మొయినాబాద్ మండలంలో చేవెళ్ళ వెళ్ళే దారిలో తగిలే ఊరు. మా అమ్మమ్మ వాళ్ళది. అక్కడుండే మా చిన్నమ్మ కొడుకు 2022లో కానిస్టేబుల్ పరీక్ష కోసం తెల్లారకముందే లేచి, మర్రిచెట్ల కింద రోడ్డు వెంబడి పరిగెత్తేవాడు. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చెయ్యాలి. ప్రాక్టీసులో ఏడు నిమిషాల లోపే ముగించేవాడు. తీరా అసలు రోజుకి నాలుగు రోజుల ముందు మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ. ఆరు సెకన్లలో పోయింది.

ఇందులో నా పాపం కూడా ఉంది. వాడు వేసుకున్న మేజోళ్ళు నేను కొనిచ్చినవే. నూటికి నూరుపాళ్ళు కాటన్! "మన ఎండలకి కాటనే మంచిదిరా" అని ఉచిత సలహా ఒకటి. వాడు మాత్రం "నువ్వేం జేస్తవన్నా, నా కాలు గట్లున్నది" అన్నాడు. అప్పట్నుంచీ ఈ మేజోళ్ళ గోలేంటో తెలుసుకోవాలని పట్టుకుంది నాకు.

అసలు మాట దగ్గరే మొదలుపెడదాం. పారసీలో మోజా అంటే బూటు. ఉర్దూలోకొచ్చి కాలికి తొడుక్కునే గుడ్డ అయింది. దానికి మన జోడు తగిలించి మేజోడు చేసుకున్నామని నా ఊహ. వస్తువు మాత్రం పాతదే. ఈజిప్టులో ఆక్సీరింకస్ అనే చోట తవ్వకాల్లో దొరికిన ఎర్ర ఉన్ని మేజోళ్ళు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. క్రీ.శ. 3-5 శతాబ్దాల మధ్యవి. చెప్పు పట్టీ దూరడానికి బొటనవేలికి విడిగా గది ఉంటుంది వాటికి. ఇవాళ వేళ్ళ మధ్య ఒరుపు రాకుండా రన్నర్లు తొడుక్కునే ఐదువేళ్ళ సాక్సులు చూసినప్పుడు నాకు అవే గుర్తొస్తాయి.

చేత్తో అల్లే ఈ పనిని 1589లో విలియం లీ అనే ఇంగ్లీషు పాస్టరు మరకి ఎక్కించాడు. పేటెంటు ఇమ్మంటే, అల్లుకుని బతికే పేదల పొట్ట కొడతావా అని ఎలిజబెత్ రాణి కాదందని చెబుతారు. (ఏఐ వార్తలు చదివి మన క్యాంటీన్లో పడే బెంగే ఇది!) పాపం ఆయన ఫ్రాన్సుకి పోయి అక్కడే పేదగా చనిపోయాడు. తమ్ముడు మరల్ని వెనక్కి తెచ్చాక ఇంగ్లండులో ఆ పరిశ్రమ నిలదొక్కుకుంది.

గమనించండి, ఇదంతా చలిదేశాల వ్యవహారం. మనకి బూట్లూ మేజోళ్ళూ రోజువారీ వస్తువులయింది కంటోన్మెంట్లు, కాన్వెంట్లు వచ్చాకే. యూనిఫాంలో భాగం. బడిలో రంగు చూశారు గానీ దేంతో చేశారని ఎవరడిగారు? పరుగుకి మాత్రం మనం వట్టికాళ్ళనే నమ్ముకున్నాం. 1919లో పూనాలో దక్కన్ జింఖానా పోటీల్లో రైతుబిడ్డలు చెప్పుల్లేకుండా పరిగెత్తడం చూశాకే దొరాబ్జీ టాటా మనవాళ్ళని ఒలింపిక్స్‌కి పంపాలని పూనుకున్నాడు. 1920 ఆంట్వర్ప్ మారథాన్‌లో ఫడెప్ప చౌగులే 19వ స్థానంలో వచ్చాడు. 1960లో రోములో అబెబె బికిలా వట్టికాళ్ళతో బంగారమే కొట్టాడు. అలవాటున్న అరికాలికి మేజోడు అక్కర్లేదు. చిక్కంతా బూటులో దూరాకే.

బొబ్బ ఎలా వస్తుందో చదివాక నా సలహా ఎంత చెత్తో అర్థమైంది. చెమటకి తడిసిన చర్మం గుడ్డకి అతుక్కుంటుంది. లోపల ఎముక మాత్రం అడుగడుగునా ముందుకీ వెనక్కీ కదులుతుంది. మధ్యలో చర్మం పొరలు విడిపోయి నీరు చేరుతుంది. మామూలు గాలిలోనే కాటన్ తన బరువులో సుమారు 8 శాతం తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. చెమటలో తడిసిన కాటన్ ఓ పట్టాన ఆరదు. వేసవి చొక్కాకి వరం, పరుగులో కాలికి శాపం.

1990లో హెరింగ్, రిచీ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు 35 మంది రన్నర్ల మీద పరీక్షిస్తే, యాక్రిలిక్ సాక్సులతో బొబ్బలు తక్కువ, వచ్చినవీ చిన్నవి. అయితే 1993లో వాళ్ళే మామూలు మెత్త ఉన్న సాక్సులతో మళ్ళీ చూస్తే ఆ తేడా కనబడలేదు. అంటే నూలు ఒక్కటే కాదు, అరికాలి దగ్గర అల్లిక ఎంత దట్టంగా ఉందన్నదీ ముఖ్యమే. ఇంకోటి, కాలికి పట్టి ఉండటం. 1958లో డ్యూపాంట్‌లో జోసెఫ్ షివర్స్ స్పాండెక్స్ కనిపెట్టబట్టి సాక్సు జారకుండా ఉంటోంది. మడమ సరిగ్గా మడమ దగ్గర కూర్చోకపోతే ముడత పడుతుంది, ఆ ముడతే చాలు. అందుకే ఫ్రీ సైజు అని రాసున్నవి కొనడం మానేశాను. కొత్త జత ఏదైనా పోటీ రోజున మొదటిసారి తొడగొద్దు.

వాడు మళ్ళీ ప్రాక్టీసు మొదలెట్టాడు. మొన్న ఊరెళ్ళినప్పుడు పాలిస్టరు, నైలాను కలిసినవి రెండు జతలు పట్టుకెళ్ళాను. లేబుల్ తిప్పి తిప్పి చూసి "ఇండ్ల పత్తి లేనే లేదా అన్నా?" అన్నాడు. పక్కనే మంచం మీద మా చిన్నాయన. ఆయనది మూడెకరాల పత్తి చేను. ఆ సాక్సు ఓసారి చేతిలోకి తీసుకుని, సాగదీసి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ వాడికిచ్చేశాడు.