శేషాచలం కొండల్లో పక్షుల, వన్యప్రాణుల పరిశీలన

శేషాచలం కొండలు రాయలసీమలో తిరుపతి నుంచి కడప వైపు సాగే తూర్పు కనుమల భాగం. 1989లో ఇక్కడ శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే మొదటిది. ఎర్రచందనానికి ఈ ప్రాంతం పుట్టినిల్లు.

పక్షుల కోసం వచ్చేవారు ముందుగా వెతికేది పసుపు గొంతు పికిలిపిట్టను. దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా లేని ఈ పిట్టను 1845లో టి. సి. జెర్డన్ తొలిసారి వర్ణించాడు. బండరాళ్ళూ ముళ్ళపొదలూ కలిసిన వాలు దీనికి ఇష్టం. ఒళ్ళు బూడిదరంగు, తల, గొంతు పసుపు. కంటికి దొరక్క ముందే కూత చెవిన పడుతుంది. అయితే అదే పొదల్లో తిరిగే తెల్లకనుబొమ పికిలి కూత కూడా దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి, గొంతు చూడనిదే పుస్తకంలో రాసుకోకపోవడం మంచిది. జెర్డన్ నెల్లూరులో వైద్యుడిగా ఉన్నప్పుడు తెలుగువారు పిట్టలను పిలిచే పేర్లు కూడా సేకరించాడు. పొడవాటి తోకతో రిబ్బనులా ఎగిరే పిట్టను మనవాళ్ళు 'తోక పిగిలిపిట్ట' అన్నారు. శాస్త్రానికి అది పికిలి జాతి కాదు గానీ, పేరు మాత్రం చక్కగా కుదిరింది.

చలికాలంలో వాగుల వెంట తోకాడిస్తూ బూడిద వాగ్‌టెయిల్ కనిపిస్తుంది. ఆ వాగుల పక్కన నీడపట్టు రాతి నెరియల్లోనే బంగారు బల్లి ఉంటుంది. దీన్ని బెడ్డోమ్ 1870లో వర్ణించాడు. పలు ఆడబల్లులు ఒకేచోట రాతికి గుడ్లు అంటించి పెడతాయి. చెట్ల మీద బెట్టుడుత, రాత్రివేళ దేవాంగ పిల్లి, నేల మీద దుప్పి, కణితి, కొండగొర్రె, ఎలుగుబంటి, రేచుకుక్కలు ఉన్నాయి.

చిరుతను చూడటం అరుదు. కొండముచ్చులు, దుప్పులు ఒక్కసారిగా హెచ్చరిక కూతలు మొదలుపెడితే అది దగ్గర్లో ఉన్నట్టే. ఆగి, గుంపుగా నిలబడాలి. 2023 ఆగస్టులో తిరుమలకు వెళ్ళే అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక బాలిక మరణించాక, మధ్యాహ్నం 2 గంటల తర్వాత పిల్లలను ఆ దారిన పంపడం ఆపారు.

పరిశీలనకు తెల్లవారుజాము నుంచి తొమ్మిదింటి దాకా అనువైన సమయం. 270 అడుగుల జలపాతం ఉన్న తలకోన కొత్తవారికి తేలికైన చోటు. ఎర్రచందనం దొంగల బెడద వల్ల లోపలి అడవిపై నిఘా గట్టిగా ఉంటుంది. అటవీశాఖ అనుమతి లేకుండా అందులోకి వెళ్ళడం నేరం.