నరముల బాధయు మనోవేదనయు

పుండును జూచి లోకము జాలిపడును; కంటి కగపడని నొప్పిని త్వరగా నమ్మదు. ఈ సత్యమునకు నల్లగొండ సీమ చరిత్రమే సాక్ష్యము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెములు మూడును 2016వ సంవత్సరము అక్టోబరు వఱకు ఆ జిల్లాలోనివే.

ఆ జిల్లా పేరు వైద్యగ్రంథముల కెక్కుటకు కారణము భూగర్భజలములోని ఫ్లోరైడు. ఈ వ్యాధి మన దేశమున నున్నదని 1937లో నెల్లూరు ప్రాంతపు రోగులను పరీక్షించి షార్టు ప్రభృతులు వెల్లడించిరి. 1955లో సిద్దిఖీ యను వైద్యుడు నల్లగొండ రోగులనుగూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసెను. త్రాగునీటియందు ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. మించిన నీరు ఏండ్లతరబడి త్రాగినచో ఎముకలు దట్టమగును; వెన్నెముకను బట్టియుంచు బంధనములు సున్నము పేరి గట్టిపడును. నరములకు చోటు చాలక, అవి నొక్కుకొని తిమ్మిరియు, మంటయు, పోటును బుట్టును. కొందఱికి కాళ్లును పడిపోవును.

శోథకు ఎఱుపు, వాపు, వేడి, నొప్పి యను నాలుగు లక్షణములను రోమక రచయిత సెల్ససు రెండువేల యేండ్ల క్రిందటనే చెప్పియుండెను. నరమునకు గలిగిన శోథలో మొదటి మూడును పైకి గానరావు; నొప్పి యొక్కటే మిగులును. అందుచేతనే యిట్టి రోగికి సోమరి యను నింద సులభముగా వచ్చును.

1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికి ఒక ద్వారమువంటి యేర్పాటు కలదనియు, మెదడునుండి దిగివచ్చు సంకేతములును దానిని తెఱచుట మూయుట చేయుననియు ప్రతిపాదించిరి. గాయపడిన నరముచుట్టును, వెన్నుపాములోను రక్షకకణములు శోథకారక ద్రవ్యములను విడుచుననియు, వానివలన నొప్పి చిరకాలము నిలుచుననియు తరువాతి పరిశోధనలు, ముఖ్యముగా జంతువులపై జరిగినవి, తెలిపినవి. అట్టి ద్రవ్యముల ప్రభావము మెదడునకు సోకినపుడు నిద్ర, ఆకలి, ఉత్సాహము సన్నగిల్లవచ్చును. దిగులు తిరిగి నొప్పిని బెంచును. ప్రతి రోగియందును ఇట్లే జరుగునని కాదు. కాని దిగులునకు వాడు అమిట్రిప్టిలీనును వైద్యులు నరముల నొప్పికిని ఇచ్చుట గమనింపదగినది. 1979లో అంతర్జాతీయ సంఘ మొకటి నొప్పిని నిర్వచించుచు, అది యింద్రియానుభవము మాత్రమే కాక మనోభావానుభవమును అని యంగీకరించినది.

నాగార్జునసాగరపు ఎడమకాలువ 1967 మొదలు మిర్యాలగూడెము, కోదాడ ప్రాంతములకు కృష్ణాజలమును దెచ్చినది. మఱ్ఱిగూడ, మునుగోడు మెట్టప్రాంతములు మాత్రము చాలకాలము వేచియుండవలసివచ్చెను. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఇంటింటికి నదీజలము నందించుటకు బూనుకొనినది. మంచినీరు రాబోవు తరమును గాపాడును; కాని గట్టిపడిన వెన్నును మరల వంచజాలదు. వంగిన దేహముతో ముదుసలులైనవారికి మందును, అంగసాధనయు వలయును. వానితోపాటు, “రాత్రి నిద్ర పట్టినదా? మనసెట్లున్నది?” యని యడుగువారును గావలయును. ఆ ప్రశ్నయు చికిత్సలో భాగమే.