టికెట్ చవక, బ్యాగు ఖరీదు: సింగపూర్ బడ్జెట్ విమానాల లెక్క

విశాఖకు వెళ్లే స్కూట్ టికెట్ ధర చూసి ‘ఇంత తక్కువకు ఎలా ఇస్తున్నారు’ అనుకునే ఉంటారు. వాళ్లు మనకేమీ డిస్కౌంట్ ఇవ్వడం లేదు. సీటు ఒక్కటే అమ్మి, మిగతావన్నీ విడివిడిగా అమ్ముతున్నారు.

సింగపూర్‌లో ఈ వ్యాపారం 2004లో మొదలైంది. మే నెలలో వాల్యూఎయిర్, సెప్టెంబరులో టైగర్ ఎయిర్‌వేస్, డిసెంబరులో జెట్‌స్టార్ ఏషియా వచ్చాయి. టైగర్‌లో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 49 శాతం వాటా ఉండేది. ఐర్లాండులో ర్యాన్‌ఎయిర్ పెట్టినవాళ్లలో ఒకరైన టోనీ ర్యాన్ కుటుంబానికీ వాటా ఉంది, పద్ధతీ అక్కడిదే. అన్నీ ఒకే రకం విమానాలు (ఎయిర్‌బస్ ఏ320) కాబట్టి పైలట్ల శిక్షణకు, స్పేర్ పార్టులకు ఖర్చు తగ్గుతుంది. దిగిన విమానం గబగబా మళ్లీ ఎగరాలి, ఎందుకంటే నేల మీద ఉన్నంతసేపూ దానికి సంపాదన లేదు. వీళ్లకోసమే 2006లో చాంగీలో ఏరోబ్రిడ్జి లేని బడ్జెట్ టెర్మినల్ తెరిచి, 2012లో మూసేశారు. అదే ఏడాది సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన సొంత చవక కంపెనీ స్కూట్‌ను ఎగరేసింది. 2017లో టైగర్ కూడా స్కూట్‌లో కలిసిపోయింది.

ఇక మీ జేబు సంగతి. స్కూట్‌లో అన్నిటికంటే చవకైన ‘ఫ్లై’ టికెట్‌తో వచ్చేది సీటు, చేతిలో పట్టుకెళ్లే 10 కిలోలు, అంతే. పెద్ద బ్యాగుకు వేరే కట్టాలి, భోజనం కొనుక్కోవాలి. రెండేళ్లకు ఇంటికి పోయేవాళ్లు 10 కిలోలతో పోతారా? బ్యాగును ఆన్‌లైన్‌లో ముందే కొంటే తక్కువ పడుతుంది, ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో కొంటే బాగా ఎక్కువ. కంపెనీకి లాభం మిగిలేది ఇలాంటి చోటే. అందుకే బ్యాగు కలిపి మొత్తం ఎంతవుతుందో లెక్కేసి, లగేజీ కలిసే వచ్చే మామూలు విమానం టికెట్‌తో పోల్చుకోండి. సంక్రాంతి రోజుల్లో ఆ తేడా పెద్దగా మిగలకపోవచ్చు.

వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లను పని ముగిశాక ఇంటికి పంపే ఖర్చు యజమానిదే, సింగపూర్ చట్టం ప్రకారం. సెలవుకు వెళ్లే టికెట్ మాత్రం మీ కాంట్రాక్టులో రాసినదాన్ని బట్టి. టికెట్ ఆఫీసువాళ్లు తీస్తుంటే ‘బ్యాగు ఎన్ని కిలోలు కలిపారు’ అని ముందే మెసేజ్ పెట్టి అడగండి, జవాబు ఫోన్‌లో దాచుకోండి.

చవక కంపెనీలన్నీ నిలబడవు. వాల్యూఎయిర్ ఏడాది తిరిగేసరికి జెట్‌స్టార్ ఏషియాలో కలిసింది. ఆ జెట్‌స్టార్ ఏషియా కూడా ఖర్చులు పెరిగాయంటూ 2025 జూలై 31న మూతపడింది. టికెట్ కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామని చెప్పింది. కానీ ఇండియాలో ఇంకో కంపెనీ విమానానికి విడిగా టికెట్ తీసి ఉంటే, మొదటిది రద్దయినా లేటయినా రెండో టికెట్ నష్టం సాధారణంగా మీదే. వీలైతే రెండూ ఒకే బుకింగ్‌లో తీసుకోండి.