కారు కళ్ళకు కమ్మిన పొర

ఆరుబయట పదేళ్ళు ఎండకూ వానకూ నిలిచిన కారు ఒకటి మీ వీధిలోనే కనిపిస్తుంది. దాని ఎదుట నిలబడి ఒకసారి పరిశీలనగా చూడండి. రంగు ఇంకా మెరుస్తూనే ఉండవచ్చు. ముందు దీపాలు మాత్రం శుక్లాలు వచ్చిన కళ్ళలా మసకబారి, పచ్చబడి ఉంటాయి. ఇప్పుడు వెనక్కి వెళ్ళి ఎర్ర దీపాలు చూడండి. అవీ ప్లాస్టిక్‌వే, అదే ఎండలో అన్నేళ్ళూ ఉన్నవే. అయినా అవి చాలావరకు నిగనిగలాడుతూనే ఉంటాయి. ఎందుకని? వెనకటి అంబాసిడర్ కారు గుండ్రటి దీపాలు ఎంత పాతబడినా ఇలా పచ్చబడేవి కావు. మరి అదెందుకని?

ఈ ప్రశ్నలకు జవాబు దీపాల చరిత్రలో ఉంది. అది తెలిస్తే ఈ దీపాలను ఇంట్లో బాగుచేసుకునే పద్ధతీ, అందులో చాలామంది చేసే పొరపాటూ కూడా తేలికగా అర్థమవుతాయి.

వెండి గిన్నె, గాజు మూత

తొలినాటి కార్లకు ఎసిటిలీన్ వాయువుతో వెలిగే దీపాలు ఉండేవి. 1912లో కాడిలాక్ కంపెనీ విద్యుత్ స్టార్టరునూ, విద్యుత్ దీపాలనూ ఒకే వ్యవస్థగా కార్లకు అమర్చిన తర్వాత బల్బుల వాడకం పెరిగింది. బల్బు వెనుక గిన్నెలాంటి పరావర్తకం, ముందు గాజు మూత. ఆ గిన్నెకు వెండి పూత పూసేవారు. వెండి సంగతి మీకు తెలియనిది కాదు. కొన్నాళ్ళు తోమకపోతే దేవుడి గదిలోని వెండి కుందులు నల్లబడతాయి కదా! దీపంలోకి గాలి, తేమ, దుమ్ము చొరబడి ఈ గిన్నె కూడా అలాగే నల్లబడేది. దాంతో వెలుగు తగ్గేది. అంటే దీపాలు మసకబారడం కొత్త సమస్యేమీ కాదు. ఆనాడు అది లోపలి నుంచి వచ్చేది.

దీనికి విరుగుడుగా 1939లో అమెరికాలో ‘సీల్డ్ బీమ్’ దీపం వచ్చింది. ఫిలమెంటు, అల్యూమినియం పూత పూసిన పరావర్తకం, ముందరి గాజు - అన్నింటినీ కలిపి గాలి దూరకుండా మూసేశారు. 1940 మోడళ్ళ నుంచి అక్కడి కార్లన్నింటికీ 7 అంగుళాల ఇటువంటి గుండ్రటి దీపాలే తప్పనిసరి అయ్యాయి. ఫిలమెంటు మాడిపోతే దీపం మొత్తం మార్చాల్సిందే. ఇది దుబారాగా కనిపించినా, అందులో ఒక మేలు ఉంది. మార్చిన ప్రతిసారీ కొత్త పరావర్తకమూ, కొత్త గాజూ వచ్చేవి.

పగలని పదార్థం

ఇక ప్లాస్టిక్ కథకు వద్దాం. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ష్నెల్ పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌ను తయారుచేశాడు. అదే సంవత్సరం అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో డేనియల్ ఫాక్స్, తీగలకు తొడిగే కొత్త పూత కోసం ప్రయోగాలు చేస్తూ, విడిగా అదే పదార్థాన్ని చేరుకున్నాడు. గాజులా పారదర్శకం, సుమారు సగం బరువు, సుత్తి దెబ్బకు కూడా అంత సులువుగా పగలదు! చంద్రుడి మీద నడిచిన వ్యోమగాముల శిరస్త్రాణాలు దీనితో చేసినవే. మనం పాటలు విన్న సీడీలు కూడా దీనితో చేసినవే.

అయితే కారు దీపానికి ఇది చేరడానికి మరో ముప్పయ్యేళ్ళు పట్టింది. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ఆదా చేయాలంటే కారు ముఖం గాలిని చీల్చుకుపోయేలా నున్నగా ఉండాలన్న ఆలోచన బలపడింది. ఒకే కొలత గల గుండ్రటి, దీర్ఘచతురస్రపు దీపాలు అందుకు అడ్డొచ్చాయి. ఫోర్డ్ కంపెనీ అభ్యర్థనపై 1983లో అమెరికా ప్రభుత్వం నిబంధనలు సడలించింది. 1984 మోడల్ లింకన్ మార్క్-7 కారు కొత్తరకం దీపాలతో వచ్చింది. బల్బు విడిగా మార్చుకోవచ్చు. ముందు మూత ప్లాస్టిక్‌ది. దాన్ని ఏ ఆకారంలోనైనా పోతపోయవచ్చు. క్రమంగా ప్రపంచమంతా ఇదే దారి పట్టింది.

బల్బు మారుతుంది, మూత మాత్రం కారుతోపాటే ముసలిదవుతుంది. సీల్డ్ బీమ్ తరిమికొట్టిన మసక, ఈసారి బయటి నుంచి తిరిగి వచ్చింది!

ఎండ తినే ప్లాస్టిక్

పాలీకార్బొనేట్ అణువులో బెంజీన్ వలయాలు ఉంటాయి. దాని గట్టితనానికి అవే ఆధారం. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునేవీ అవే. ఆ శక్తికి అణువుల గొలుసులు తెగుతాయి. గాలిలోని ఆక్సిజన్ తోడై కొత్త పదార్థాలు ఏర్పడతాయి. ఇవి నీలికాంతిని మింగేస్తాయి. తెల్లని వెలుగులోంచి నీలం పోతే మిగిలేది పసుపే కదా! వెనుక దీపాలకు సాధారణంగా వాడే ఆక్రిలిక్‌లో ఈ వలయాలు లేవు. కాబట్టి ఎండ దాన్ని అంతగా తినలేదు. మరి ముందు కూడా అదే వాడవచ్చు కదా? వాడలేరు. బల్బు వేడికి అది త్వరగా మెత్తబడుతుంది, ఎగిరొచ్చే రాళ్ళకు పగులుతుంది.

అందుకే కర్మాగారంలోనే పాలీకార్బొనేట్ మీద అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పలుచని గట్టి పూత వేస్తారు. దీపానికి అసలు కవచం ఇదే. ఏళ్ళ తరబడి ఎండకూ, ఇసుక రేణువులకూ అది అరిగి పొట్టు లేస్తుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ ఎండకు ఎరవుతుంది.

నష్టం చిన్నదేమీ కాదు. బాగా పచ్చబడిన దీపాలు కొత్తవి ఇచ్చే వెలుగులో కేవలం 22 శాతమే ఇస్తున్నాయని 2018లో అమెరికా వాహనదారుల సంఘం ‘ఏఏఏ’ తన పరీక్షలలో గుర్తించింది. పైగా గరుకైన మూత వెలుగును చెదరగొట్టి ఎదుటివారి కళ్ళలో కొడుతుంది.

రుద్దితే చాలదు

ఊరట ఏమిటంటే, చెడేది పైపొర మాత్రమే. కాబట్టి ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. ముందు సబ్బునీటితో కడిగి, చుట్టూ కారు రంగు గీసుకుపోకుండా మాస్కింగ్ టేపు అంటించండి. వాటర్ పేపరును నీళ్ళలో తడిపి, దీపాన్ని కూడా తడుపుతూ, ముందు 800 నంబరు, తర్వాత 1000, 1500, 2000, చివర 3000 నంబరుతో రుద్దండి. ముందు కాగితం గీతలు పోయాకనే తర్వాతిది అందుకోండి. పాత పూత ఎక్కడా మిగలకూడదు. చివర పాలిషింగ్ కాంపౌండుతో మెరుగుపెడితే గాజులా మెరుస్తుంది. పెట్రోలు, థిన్నరు మాత్రం తాకనివ్వకండి. వాటికి పాలీకార్బొనేట్ పగుళ్ళు ఇస్తుంది. మూత లోపల తేమ చేరితే బయట ఎంత రుద్దినా ప్రయోజనం లేదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. టూత్‌పేస్టుతో రుద్ది, మెరుపు చూసి మురిసిపోతారు. ఆలోచించండి, మీరు రుద్ది తీసేసింది మసకనే కాదు, మిగిలి ఉన్న ఆ కాస్త కవచాన్ని కూడా! కవచం లేని ప్లాస్టిక్ మన ఎండలకు కొద్ది నెలల్లోనే మళ్ళీ పచ్చబడుతుంది. అందుకని పాలిష్ జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, అతినీలలోహిత కిరణాలను ఆపే క్లియర్ కోటు తప్పక వేయండి. హార్డెనరు కలిసిన రకాలు ఎక్కువకాలం నిలుస్తాయి గానీ, వాటి తుంపర ఊపిరితిత్తులకు హానికరం. తగిన మాస్కు లేకపోతే ఆ ఒక్క పనీ పెయింటరుకు అప్పగించండి. ఇంతచేసినా దీపం కొత్తదానితో సమానం కాదు. ఏఏఏ పరీక్షల్లో బాగుచేసిన దీపాలు సుమారు 70 శాతం వెలుగు ఇచ్చాయి.

ఈ రాత్రి మీ కారును గోడకు ఎదురుగా నిలిపి దీపాలు వేసి చూడండి. గోడ మీద వెలుగు అంచు స్పష్టంగా లేక, మసగ్గా పరచుకుంటే ఆలస్యం చేయకండి. ఊరి బయట చీకటి రోడ్డు పక్కన నడిచివచ్చే మనిషి మీకు ఎంత దూరంలో కనిపిస్తాడన్నది వెంట్రుక మందం కూడా లేని ఆ పొర మీదే ఆధారపడి ఉంది.