సమురాయి ఖడ్గములును కోనసముద్రపు టుక్కును

హైదరాబాదున మూసీతీరమందలి సాలార్‌జంగు ప్రదర్శనశాలలో జపాను వస్తువుల నడుమ సమురాయి ఖడ్గములు కలవు. 1912 మొదలు 1914 వఱకు నిజామునకు మంత్రిగా నుండిన మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను, 1949లో మరణించువఱకు తన యైశ్వర్యమును దేశదేశముల కళావస్తువులను గూర్చుటకే వెచ్చించెను. ఆయన వంశమువారి సేకరణయే 1951లో ప్రజల దర్శనార్థము తెఱువబడినది. చూడవచ్చినవారిలో ననేకులు గడియారపు గంట వినుటకు బరువెత్తుదురు గాని యీ కత్తులకడ నిలువరు.

ఇట్టి ఖడ్గములు పరదేశములకు జేరుటకు గారణమొక శాసనము. సమురాయి యోధుడు నడుమున రెండు కత్తులు ధరించుట యాచారము. పెద్దది కటానా, చిన్నది వాకిజాషి. 1876లో జపాను ప్రభుత్వము బహిరంగముగా ఖడ్గధారణము గూడదని నిషేధించెను. కొలిమి నమ్ముకొన్న కమ్మరులకు బని సన్నగిల్లెను. పిడులకును ఒరలకును సొమ్ములు చేయువారు విదేశీయుల కొఱకు గూజాలును పెట్టెలును జేయసాగిరి. ఐరోపావారు పిడికిని అలుగునకును నడుమనుండు 'త్సుబా' యను బిళ్లను విడదీసి వేఱుగా గొనిపోయిరి. అందుచే నొకే కత్తికి జెందిన యలుగొక దేశమునను, బిళ్ల యొక దేశమునను బడినవి.

ఈ సొమ్ముల పనితనము మనకు మిక్కిలి దూరమైనది కాదు. తరతరములుగా షోగునులను గొల్చిన గోటో వంశమువారు 'షకుడో' యను లోహమును వాడిరి. రాగిలో గొలది బంగారము గలిపి, మందునీటిలో నుడికించినచో దానికి నల్లని నిగ్గు వచ్చును. బీదరుపనివారు జస్తుపాత్రకు గోటమట్టితో నవాసారము చేర్చి నలుపెక్కించి, వెండితీగెను మెఱయించుట చదువరు లెఱుగుదురు. లోహములు వేఱు, ఉపాయము చుట్టఱికము గలది.

ఎఱిగిన సంగ్రాహకుడు ముందుగా సొమ్ములను జూడడు. పిడిలో దాగియుండు తోకను జూచును. కమ్మరి తన పేరు చెక్కునది యచ్చటనే. ఆ తోకమీది తుప్పు రంగునుబట్టియే కత్తి వయస్సు నూహింతురు. తెలియనివాడు దానిని దోమి శుభ్రము చేసినచో శతాబ్దముల సాక్ష్యము గడియలో బోవును. అలుగున గనబడు తెల్లని యంచుగీత చిత్రకారుడు గీసినది కాదు. వెన్నున దట్టముగను, అంచున బలుచగను మట్టి పూసి, కాల్చి నీట ముంచగా అంచు కఠినమై వెన్ను మెత్తనై నిలిచిన చిహ్నమది.

1945లో జపాను లొంగిపోయిన పిమ్మట విజేతలు లెక్కకు మిక్కిలిగా ఖడ్గములను గైకొనిరి. ఎన్నియో కరగింపబడెను. ఇవి కళాఖండములని యొప్పించుటకు బ్రయత్నించిన పండితులు 1948లో ఖడ్గసంరక్షణ సంఘమును స్థాపించిరి. అమెరికా సంగ్రాహకుడు కాంప్టన్ అను నతడు తనకు జిక్కిన యొక కత్తి కగోషిమాలోని దేవాలయమునకు జెందిన కునిమునే ఖడ్గమని తెలిసికొని, 1963లో దానిని వెల పుచ్చుకొనకయే మరల నిచ్చివేసెను.

ఇక మన సంగతి. జ్యోతినగర్ నేడు బొగ్గు కాల్చి విద్యుత్తు పుట్టించు చోటు. అచ్చటినుండి పడమరగా నిజామాబాదు సీమలో గోనసముద్రమను పల్లె యున్నది. ఈ బొగ్గు పనిలేకయే, కట్టెబొగ్గుతో, మట్టిమూసలలో ఇనుమును గరగించి యక్కడి కమ్మరులు చేసిన యుక్కు పారసీకమునకు బోయెను. 1820 ప్రాంతమున వాయిసీ యను నాంగ్లేయుడు ఆ పనిని కన్నులార జూచి వ్రాసెను. ఇస్ఫహాను వర్తకుడొక డుక్కు కొనుటకై యచ్చటికి వచ్చియుండెననియు దెలిపెను. ఆ యుక్కుతో జేసిన యలుగులమీద నీటియలల వంటి చాఱలు దేలును. లోకమంతయు వానిని డమాస్కసు పేర బిలిచెను! జపాను కమ్మరి పేరు తోకమీద నిలిచినది. మన కమ్మరి పేరు చిట్టెపు దిబ్బలో గలిసినది. చేతిపనివానిని దక్కువగా జూచిన సంఘము వాని పేరు వ్రాసికొనునా?

పాత యిండ్లలో నింకను గత్తులు గలవారు తుప్పు పట్టినదని యిటుకపొడితో దోమవలదు. చాఱలు మఱుగుపడును; బంగారుతీగెయు నక్షరములును నున్నచో నవి యిక రావు. 2010లో బెంగుళూరు, ఎక్సెటరు పండితులు కలిసి ఉత్తరతెలంగాణమున నూరూర దిరిగి చిట్టెములను, మూసపెంకులను బరిశీలించిరి. అట్టి పెంకొకటియు, ఉక్కుముద్ద యొకటియు సాలార్‌జంగు శాలలో నా జపాను ఖడ్గముల ప్రక్కనే యుంచి, క్రింద గోనసముద్రమని తెలుగున వ్రాయుట యెంత పని?