పాటకు హక్కుదారు ఎవరు?

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలములో భావనపాడు అను తీరగ్రామము కలదు. అటువంటి తీరములలో వల లాగునపుడు ఒకడు పదము నెత్తుకొనుటయు, తక్కినవారు దాని నందుకొనుటయు చిరకాలపు వాడుక. ఆ పదము కట్టినది ఎవరని అడిగినచో, పెద్దలనాటిదని చెప్పుదురు. అటువంటి పదము నొక చలనచిత్ర నిర్మాతయో, సబ్బు ప్రకటన తీయువారో కోరినారనుకొందము. వారు ఎవరి అనుమతి పొందవలెను? ప్రతిఫలము ఎవరికి ముట్టవలెను? ఈ ప్రశ్నకు మన దేశమున సమాధానము ఏర్పడుటకు దాదాపు నూరేండ్లు పట్టినది. ఆ చరిత్రను కొంత ముచ్చటింతము.

గ్రామఫోను రానంతకాలము పాట పాడువాని గొంతులోనే ఉండెను. పాటను విడిగా అమ్ముట, కొనుట అను మాటయే లేదు. పాడినవానికి సంభావన ఇచ్చి పంపెడివారు. పాట నల్లని పళ్ళెముపైకి ఎక్కిన పిమ్మట అది అంగడి సరకైనది. 1914లో మన దేశమునకు వర్తించిన కాపీరైటు చట్టము ఇంగ్లండులోని 1911 నాటి చట్టమును అనుసరించినది. రికార్డు చేయించిన కంపెనీకి దానిపై హక్కు ఉండెడిది. గాయకుడు సాధారణముగా ఒక మొత్తము పుచ్చుకొని ఇంటికి పోయెడివాడు.

ఉత్తరాంధ్ర ఈ కథకు దూరమైనది కాదు. 1919లో విజయనగరమున వెలసిన మహారాజా వారి సంగీత కళాశాలలో ఘంటసాల వేంకటేశ్వరరావు గారు విద్య నేర్చినారు. సాలూరు ప్రాంతమువారైన రాజేశ్వరరావు గారు బాలుడుగా నున్నప్పుడే, 1930 దశకములో, గ్రామఫోను రికార్డులకు పాడినారు. చలనచిత్రములతో సంబంధము లేక రికార్డులుగా వచ్చిన పాటలను నాడు ‘ప్రైవేటు పాటలు’ అనెడివారు. నేడు స్వతంత్ర సంగీతమనుచున్నది వాటి సంతతియే.

ఆ తరువాత రేడియో వచ్చినది. మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను, విశాఖపట్నము కేంద్రము 1963లోను ప్రారంభమైనవి. రేడియోతో ఒక క్రొత్త చిక్కు పుట్టినది. ఒకమారు చేసిన రికార్డును వేయి యిండ్లలో వినిపింపవచ్చును. అయినచో ఎన్ని మారులు చెల్లింపవలెను, ఎవరికి? దీనితోపాటు పేరు చెప్పుట అను సమస్యయు కలదు. 1949లో ‘మహల్’ హిందీ చిత్రపు పాట రికార్డుపై లతా మంగేష్కరు పేరు బదులుగా కథలోని పాత్ర పేరైన ‘కామిని’ అని ముద్రించిరి. పాడినది ఎవరో శ్రోతలకు తెలియలేదు. 1950 దశకారంభమున, డాక్టర్ కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా నున్న కాలములో, చిత్రము పేరు చెప్పుట వ్యాపార ప్రకటన యగునని ఆకాశవాణి మానుకొనగా, నిర్మాతలు తమ పాటలకిచ్చిన అనుమతులను ఉపసంహరించిరి. శ్రోతలు సిలోను రేడియోవైపు మళ్ళిరి. 1957 అక్టోబరులో వివిధభారతి ఆరంభమైనది. అనుమతి అను చిన్న కాగితము ఎంత బలమైనదో ప్రసార వృత్తిలోని మాకు నాడు నేర్పిన పాఠమది.

1957లో స్వతంత్ర భారతము తన సొంత కాపీరైటు చట్టము చేసికొన్నది. 1958 జనవరి 21 నుండి అది అమలులోనికి వచ్చినది. ఈ చట్టమున ఒక పాటలో పలువురి హక్కులు పెనవేసికొని యున్నవి: సాహిత్యము ఒకటి, స్వరరచన మరియొకటి, ఆ రెంటిని పట్టియుంచిన ధ్వనిముద్రణ వేరొకటి. కనుక చిత్రమునకు పాటను జతపరచ దలచినవారు రికార్డు యజమానితో మాటాడిన చాలదు. కవి, స్వరకర్తల హక్కులు ఎవరి చేతిలో నున్నవో వారి అనుమతియు పొందవలెను.

అయితే కాగితముపై ఉన్న హక్కు చేతికి దక్కుట సులభము కాలేదు. కవులు, స్వరకర్తల పక్షమున రుసుము వసూలు చేయుటకు 1969లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఏర్పడినది. దాని రుసుములను చిత్రనిర్మాతలు ఎదిరించినారు. వ్యాజ్యము సుప్రీంకోర్టుదాకా పోయి 1977లో తీర్పు వెలువడినది: వేరే ఒప్పందము లేనిచో, డబ్బిచ్చి పాట వ్రాయించుకొన్న నిర్మాతయే దానికి తొలి యజమాని అని. ఆ తీర్పుకు తోడు జస్టిస్ కృష్ణయ్యర్ గారు ప్రత్యేకముగా వ్రాయుచు, గాయకునికి చట్టమున చోటు లేకపోవుటను ఎత్తిచూపినారు.

పల్లెపాటకు మరియొక అన్యాయము కలదు. 1957 నాటి నిర్వచనము ప్రకారము స్వరములు వ్రాతరూపమున నున్నప్పుడే సంగీతకృతి యగును. చెవినుండి చెవికి సాగు బాణీ ఆ లెక్కకు రాదు. 1994 సవరణ ఈ షరతును తొలగించి, గాయకులకును ప్రదర్శకులుగా హక్కులు కల్పించినది. 2012 సవరణ అంతకన్న పెద్ద అడుగు. సినిమాహాలులో చిత్రముతోపాటు వినిపించుట కాక ఇతర విధముల పాటను వాడుకొన్నచో, వచ్చిన రాయల్టీలో కవికి, స్వరకర్తకు సమాన వాటా ఉండవలెను. వారసులకో, నమోదైన హక్కుల సంఘమునకో తప్ప ఆ వాటాను వదలుకొను ఒప్పందము చెల్లదు.

చట్టము మారినంత మాత్రమున వివాదములు తీరునా? పార్వతీపురము చెంత పెదబొండపల్లిలో 1943లో జన్మించిన వంగపండు ప్రసాదరావు గారి ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ అను పాట 1986 నాటి ‘అర్ధరాత్రి స్వతంత్రం’ చిత్రములోనికి వచ్చినది. 2009లో ‘మగధీర’ చిత్రగీతమున ఆ పల్లవి పదములు వినబడగా, వంగపండు గారు బహిరంగముగా ఆక్షేపించినారు. ఆ పాట జనుల నాల్కలపై అంతగా నిలిచినందుననే అది పెద్దలనాటి పదమువలె తోచును. కాని దానికి కర్త కలడు. ఆయన 2020 వరకు మన నడుమనే యున్నాడు. జనాదరణ కర్త పేరును మరుగుపరచునపుడు, దక్కవలసిన ప్రతిఫలముకూడ మరుగుపడును.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. కర్త తెలియని తరతరాల పదమునకు మన చట్టమున యాజమాన్యము లేదు; ఎవరైన పాడవచ్చును. కాని దానికి క్రొత్తగా చేర్చిన చరణములకు, నేడు చేసిన ధ్వనిముద్రణకు, పాడిన గొంతునకు హక్కులు కలవు. తన ఖర్చుపై పూనికతో ముద్రణ చేయించిన గ్రామ యువకుడు ఆ ముద్రణకు తానే యజమాని. చిత్రమునకో, టెలివిజనుకో, ప్రకటనకో అతని పాటను అడిగినవారికి హక్కు మొత్తము వ్రాసియివ్వ నక్కరలేదు; ఏ వాడుకకు, ఎంతకాలము, ఏ ప్రాంతములలో అని నిర్ణయించి అనుమతి మాత్రమే ఈయవచ్చును. హక్కునే వ్రాసియిచ్చినను, కాలము పేర్కొననిచో ఐదేండ్లనియు, ప్రాంతము పేర్కొననిచో భారతదేశమనియు చట్టము భావించును. సంతకమునకు ముందు ఈ రెండు గడులు ఖాళీగా నున్నవా, ‘శాశ్వతముగా, ప్రపంచమంతట’ అని నింపబడి యున్నవా అని చూచుకొనుట మేలు.

వినువారమైన మనకును ఒక పని కలదు. పాట నచ్చినపుడు, వ్రాసినది ఎవరు, బాణీ కట్టినది ఎవరు, పాడినది ఎవరు అని అడుగుదము. 1949లో ‘కామిని’ ఎవరని శ్రోతలు జాబులు వ్రాసి అడిగినందుననే లత పేరు బయటికి వచ్చినది.