చికిత్సకు నాలుగు పాదములు: క్షయ మందు మన యూరు చేరిన కథ

రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాసి యిమ్మని గ్రంథాలయ కార్యదర్శిగారు నన్ను కోరిరి. రాజుల చరిత్రలు వ్రాయుటకు పండితులు కలరు. పద్దులు వ్రాయుట నా వృత్తి. కావున ఒక పద్దు చరిత్రనే వ్రాయుచున్నాను. అది క్షయరోగపు మందుల పద్దు. ఆ మందు ఎచ్చట పుట్టినది, ఆదోని ఎమ్మిగనూరు సీమలోని పేదవాని నోటివరకు ఎవరి చేతులమీదుగా వచ్చినది అనునదియే ఇందలి విషయము.

క్షయ మనకు క్రొత్త రోగము కాదు. రోహిణియందే మక్కువ చూపిన చంద్రుడు దక్షుని శాపముచే దినదినము క్షీణించెనని పురాణగాథ. నక్షత్రరాజును పట్టినందుననే దీనికి రాజయక్ష్మ యను పేరు వచ్చెనందురు. చరకుడు తన సంహితలో దీనికొక అధ్యాయమునే కేటాయించెను. అదే గ్రంథమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వీనిలో ఏ యొక్కటి కుంటుపడినను చికిత్స సాగదు. మొదటి పాదమును కీర్తించినవారు పెక్కుమంది. ఔషధమును కాపాడి పంచువానిని, పరిచారకుని తలచువారు తక్కువ. నేను వ్రాయబూనినది వారిని గూర్చియే.

1882 మార్చి 24వ తేదీన బెర్లిన్ నగరమున రాబర్ట్ కోక్ పండితుడు ఈ రోగమునకు మూలమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించెను. శత్రువు తెలిసెను గాని ఆయుధము దొరకుటకు మరి అరువదియేండ్లు పట్టెను. అంతవరకు మంచి గాలి, మంచి ఆహారము, విశ్రాంతి ఇవియే మందులు. మన రాయలసీమలో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో శానటోరియము వెలసెను. అది గొప్ప సేవ చేసిన సంస్థ. అయినను పత్తి మిల్లు కూలి, మగ్గపు గుంటలో కూర్చున్న నేతగాడు నెలల తరబడి మంచముపై విశ్రమించినచో ఇంట పొయ్యి వెలుగుటెట్లు?

1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వెలుగులోనికి వచ్చెను. 1956లో మద్రాసున ఒక పరిశోధన కేంద్రము నెలకొల్పి, కొందరు రోగులకు శానటోరియమునను కొందరికి వారి యిండ్లయందును ఒకే మందులిచ్చి పోల్చి చూచిరి. 1959లో ఫలితము ప్రకటితమయ్యెను. ఇంట మందు పుచ్చుకొన్నవారును రమారమి అంతే చక్కగా కోలుకొనిరి; ఇంటివారికి అందువలన అదనపు ప్రమాదము కలుగలేదు. లోకమంతయు ఈ సత్యమును స్వీకరించెను. 1959లోనే బెంగళూరున జాతీయ క్షయ సంస్థ ఏర్పడెను. మన పొరుగున నున్న అనంతపురము జిల్లాలో 1961లో జిల్లా పథకమును పరీక్షించి చూచి, 1962లో దేశమంతటికి విస్తరింప మొదలిడిరి.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. శానటోరియములో మందు చేతికిచ్చి మ్రింగించు నర్సు ఉండెను. ఇంట ఎవరున్నారు? రోగి నెలకొకసారి కాంపౌండరు వద్ద మాత్రలు తీసికొని పోవును. రెండు నెలలకు దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. రోగము పోయెనని తలచి మందు మానును. మిగిలియున్న క్రిములు మందునకు లొంగని మొండి క్రిములై తిరిగి లేచును.

దీనికి విరుగుడుగా 1993లో క్రొత్త పద్ధతిని ప్రయోగించి, 1997 నుండి విస్తరించి, 2006 నాటికి దేశమంతట అమలు చేసిరి. ఒక రోగికి మొదటినుండి తుదివరకు వలయు మందంతయు ఒక్క పెట్టెలో నుండును. పెట్టెపై ఆ రోగి పేరు. క్రొత్త రోగికి ఎర్ర పెట్టె. మొదటి రెండు నెలలు వారమునకు మూడు పర్యాయముల వంతున 24 మోతాదులు సహాయకుని యెదుటనే మ్రింగవలెను. తరువాత 18 వారములు. ప్రతి వారము తొలి మోతాదు ఎదుట, మిగిలినవి ఇంట, ఖాళీ అట్ట తిరిగి అప్పగింత. ఫార్మసిస్టు తొలి నిల్వ, రాక, పోక, తుది నిల్వ నెలనెలా వ్రాసి పంపవలెను. గడువు ముందు తీరునది ముందు ఈయవలెను. లెక్క తప్పినచో పైనుండి సరకు ఆలస్యమగును. సరకు ఆలస్యమైనచో రోగి మందు తెగును. పద్దు ప్రాణమును కాపాడుననుటకు ఇంతకంటె నిదర్శనము నాకు తెలియదు.

ఈ సంగతి పుస్తకములో చదివి తెలిసికొన్నది కాదు. 2005 ప్రాంతమున మా వీథిలోని మిల్లు కూలి యొకడు చీటీ పట్టుకొని దుకాణమునకు పోయి, నాలుగు రకముల మందులలో చేతనున్న రూకలకు వచ్చిన రెండింటిని కొనుచుండెను. దుకాణదారుడు అడిగినది ఇచ్చెను; వ్రాసి పెట్టుకొనలేదు, ప్రశ్నింపలేదు. ప్రశ్నింపవలెనని నాకును తోచలేదు. ఏడాది తిరుగకముందే ఆతని మరణమును గ్రామ రిజిస్టరులో నమోదు చేసినవాడను నేనే.

అందుచేత 2007లో ఆరోగ్య కార్యకర్త వచ్చి ఒక నేతగానికి సహాయకుడుగా నుండుమనగా నేను కాదనలేదు. ఆయనకు పెండ్లికెదిగిన కూతురు కలదు. ఎర్ర పెట్టె ఇంట కనబడరాదనెను. ఆ పెట్టె ఈ గ్రంథాలయపు బీరువాలో భారత సంపుటముల వెనుక నుండెను. ఆయన పత్రిక చదువు నెపమున వారమునకు మూడుమార్లు వచ్చి, ఏడు మాత్రలు మ్రింగి, కార్డుపై నేను గుర్తు పెట్టువరకు నిలిచి పోవుచుండెను. కూతురి పెండ్లి జరిగెను. ఆయన నేటికిని మన చందాదారుడు.

తరువాత మార్పులు వచ్చినవి. 2014 నుండి ఈ మందులమ్ము దుకాణదారుడు వైద్యుని పేరు, రోగి పేరు, పరిమాణము ప్రత్యేక పుస్తకములో వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. 2017 నుండి బరువును బట్టి ప్రతిదినము మందు ఇచ్చుచున్నారు. 2018లో రోగి పోషణకు నెలకు రూ. 500 ఏర్పరచి, 2024 నవంబరు నుండి రూ. 1,000 చేసిరి. అదే 2024 మార్చిలో కేంద్రపు సరఫరాకు అంతరాయము కలిగి, మందులను స్థానికముగా కొనుడని రాష్ట్రములకు వ్రాయవలసి వచ్చెను. రెండవ పాదము ఎంత సున్నితమో అప్పుడు తేటపడెను.

మన సీమనుండి ఏటేటా కుటుంబములు మిరప కోతలకు గుంటూరు ప్రాంతమునకు వలస పోవుచున్నవి. అట్టివారిలో మందు పుచ్చుకొనువాడున్నచో, బండి కదలకముందే ఆరోగ్య కేంద్రమునకు తెలిపినచో పోయిన చోటనే మందు అందును. ఆ మాట తెలుపుటకు ఒక మనిషి కావలెను. రెండు వారములు దాటిన దగ్గు గలవానిని కఫ పరీక్షకు పంపుటకును ఒక మనిషి కావలెను. పాఠకులారా, ఆ మూడవ పాదము మీరు కావచ్చును. బీరువాలో భారతము వెనుక ఇంకను చోటున్నది.